కుడి పక్క పాలు

ఉషక్క మూడింటికి వస్తానన్నది, గోడ గడియారంలో రెండుంపావు అయింది, అంటే ఇంకా ముప్పావు గంట, ఈ ముప్పావు గంటలో పాప ఎంత బరువు పెరగగలదు, ఒక గ్రాము, రెండు గ్రాములు, ఆవగింజంత, అనుకుంటూ స్నేహలత మంచం మీద పక్కనే నిద్రపోతున్న ఇరవై ఒక్క రోజుల తన కూతురిని చూసింది. తన కూతురు అని మనసులో అనుకోగానే అన్నం ముద్దలో తగిలినట్టు ఒక చిన్న రాయి తగిలింది. దాన్ని ఎప్పటిలాగే మింగేసింది. ఉషక్క ఈ ఊరి ఆశా వర్కరు. చేతిసంచిలో వేలాడే తూకం తెస్తుంది, కింద చిన్న ఊయల లాంటి బట్ట, పైన ముల్లు, ముల్లు వెనక మూడు రంగులు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. పోయిన వారం పాపను అందులో వేస్తే ముల్లు పసుపులో, ఎరుపుకు వేలెడు దూరంలో వణికి ఆగింది. "రెండు కిలోల నూరు. దవాఖాన నుంచి వచ్చిన్నాడు గంతే, ఇయ్యాళ గంతే. ఎరుపుల పడ్డదంటే మాత్రం నేను ఊకోను చెల్లె, మల్ల పెద్ద దవాఖానకు తోల్కపోవాల్సిందే," అని చాయ తాగి, కప్పు తానే కడిగి పెట్టి వెళ్లింది. పెద్ద దవాఖాన అంటే మహబూబ్‌నగర్. పెద్ద దవాఖాన అంటే అద్దాల పెట్టె. పుట్టిన అరగంటకే పాపను ఆ పెట్టెలో పెట్టారు, ఆరు రోజుల తర్వాత తీసి ఒళ్లో పెట్టారు. ఒకసారి లోపలికి పోయి వచ్చింది. రెండోసారి పోతే లోపలి నుంచి వచ్చేది ఎవరు?

ఇలాంటి ఆలోచన వస్తే వెంటనే ఒక మంచి సంగతిని గుర్తు తెచ్చుకోవాలని ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. మంచి సంగతులు ఆమె దగ్గర బోలెడు ఉన్నాయి, పెళ్లయి పద్నాలుగు నెలలే కదా, ఇంకా ఒక్కటీ పాతబడలేదు. జడ్చర్లలో మేడ మీద కిరాయి రూము, రెండు కిటికీలు, ఒక కిటికీలోంచి సబ్‌స్టేషన్ తీగలు, ఇంకో కిటికీలోంచి ఎవరిదో నిమ్మచెట్టు. మొదటి రోజు గ్యాసు పొయ్యి ముట్టించబోతే లైటర్ టక్కుమన్నదని ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడి తలలు ఢీకొట్టుకున్నారు, ఆ బొప్పితోనే మొదటి చాయ తాగారు. పసుపు రంగు బకెట్టు ఒకటి కొన్నారు, ఎంత పసుపంటే దాంట్లో నీళ్లు పోస్తే నీళ్లు కూడా నవ్వుతున్నట్టుండేవి. బండి మీద వెనక కూర్చుంటే తన రెండు చేతులూ అమరేందర్ చొక్కా జేబులో పెట్టుకునేది, ఒక చెయ్యి పట్టే జేబులో రెండు చేతులు. ఆమె డిగ్రీ చదివింది, అతడు ఐటీఐ, అందుకని "మేడమ్, భోజనమైందా?" అని పిలుస్తాడు, ఆ మేడమ్ అనే మాటలో ఎంత వెక్కిరింత, ఎంత మురిపెం. కడుపుతో ఉన్నానని చెప్పిన రోజు అతడు మాట్లాడకుండా బయటికి పోయి ఒక కొత్త బల్బు తెచ్చి రూములో పెట్టాడు, "బిడ్డకు వెల్తురుండాలె గదా," అన్నాడు, కరెంటు మనిషికి సంతోషం వస్తే బల్బే తెస్తాడు మరి. ఆ బల్బు తెల్లని వెలుతురు కింద ఇద్దరూ కూర్చుని మిరపకాయ బజ్జీలు తిన్నారు, తెల్లని వెలుతురు, అంతవరకు బాగానే ఉంది, కానీ ఆ వెలుతురు అక్కడ ఆగలేదు, మెల్లగా నీలంగా మారింది, దవాఖానలో తలుపుకున్న చిన్న అద్దంలోంచి ఆమె చూసిన నీలం వెలుతురు, వరసగా పెట్టెలు, పెట్టెకొక బిడ్డ, అందరి కళ్ల మీదా తెల్లని గుడ్డ, అందరి ఒళ్లూ ఒకే నీలం. అందులో ఏది మనదని ఆమె అడిగితే, ఒక నర్సు నడుస్తూనే వేలు చూపింది. ఆ వేలు మూడో పెట్టెను చూపిందో నాలుగో పెట్టెను చూపిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది. రెక్కలు ఇంకో నాలుగు చుట్లు తిరిగి, అలసిపోయినట్టు నిలిచాయి, దాంతో పురిటికి వచ్చిన ఈ పుట్టింట్లో ఉన్న నిశ్శబ్దమంతా ఒక్కసారి కిందికి దిగింది. అమ్మ కోస్గికి పోయింది, పాల డబ్బా తేవడానికి. "ఎందుకన్న మంచిదే, ఇంట్ల ఉంటది," అని ఆటో ఎక్కింది, ఆమె ముఖం చూస్తే ఎందుకైనా మంచిదని కాదు, ఇక వేరే దారి లేదని పోతున్నట్టుంది. బాపు మందతో పోయాడు, పొద్దు గుంకితే గానీ రాడు. అవ్వ వాకిట్లోనో పెరట్లోనో ఉంది, అలికిడి లేదు. ఫాల్గుణం ఎండ కిటికీ ఊచల నీడను షాబాదు బండల మీద పరిచింది, ఆ నీడ మంచం కాలు దాకా వచ్చి ఆగి ఉంది. పాప కదలలేదు. ఊపిరి తీస్తోందా అని స్నేహలత ముక్కు దగ్గర వేలు పెట్టింది, తీస్తోంది, గోరంత వెచ్చదనం. వేలు అక్కడి నుంచి తనంతట తానే చెవి మీదికి పోయింది. ఎడమ చెవి. నున్నగా, తిన్నగా, శంఖంలోని లోపలి అంచులాగా ముద్దుగా ఉంది. అదే బాధ.

ఎందుకంటే, ఆమె చూసింది. పురుటి గదిలో నర్సు బిడ్డను ఎత్తి చూపిన ఆ ఒక్క నిమిషం, కళ్లల్లో చెమట, చెవుల్లో హోరు, అయినా ఆమె చూసింది, బిడ్డ ఎడమ చెవి పై అంచు లోపలికి మడిచి ఉంది, కాగితం మూల మడిచినట్టు. చూసి నవ్వింది కూడా. ఎందుకు నవ్విందంటే, బాపు తన గొర్రెలకు పెట్టే గుర్తు అదే చోట ఉంటుంది, ఎడమ చెవి పై అంచున చిన్న కోత, పది మందలు కలిసిపోయినా ఎల్లేశం గొర్రె ఏదంటే ఆ చెవిని చూసి చెప్పేస్తారు. నా బిడ్డ బాపు గుర్తుతో పుట్టింది, అని ఆ నొప్పిలో కూడా అమరేందర్‌కు చెప్పాలనుకుని సంబరపడింది. ఆరు రోజుల తర్వాత ఒళ్లోకి వచ్చిన బిడ్డకు రెండు చెవులూ తిన్నగా ఉన్నాయి. మణికట్టుకు అంటించిన పట్టీ మీద సిరా చెమ్మకు అలుక్కుపోయి ఒక నీలి మచ్చ మిగిలింది. అందరూ ముద్దులాడుతున్నారు, అత్తమ్మ దిష్టి తీస్తోంది, అమరేందర్ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు, ఆ నవ్వుల మధ్య కూర్చుని, ఇది మన గుర్తు కాదు అని ఆమె ఎవరితో చెప్పగలదు? చెప్పలేదు. ఇరవై ఒకటో రోజు పేరు పెడదామంటే, జర ఒళ్లు చేసినంక పెడదామని వాయిదా వేయించింది. జడ్చర్ల నుంచి ఫోనులో అమరేందర్ చిట్టి మేడమ్ అంటున్నాడు, ప్రస్తుతానికి అది చాలు. పేరు పెట్టడమంటే ఒకరికి పెట్టడం, ఇంకొకరికి పెట్టకపోవడం.

పాలు రాకపోవడానికి కారణం అదేనని ఆమెకు గట్టి నమ్మకం. ఒంటికి తెలుసు. తలకు తెలియనిది ఒంటికి తెలుస్తుంది. ఎడమ పక్క పెడితే పాప అయిదు నిమిషాలు చప్పరించి, అలసి, నిద్రపోతుంది, అరగంటకు లేచి మళ్లీ ఏడుస్తుంది, మళ్లీ అయిదు నిమిషాలు. కుడి పక్క ఇవ్వడమే లేదు. దవాఖానలో సెలైన్ సూది ఎక్కించిన కుడి చెయ్యి మోచేతి దాకా వాచింది, ఆ చేతిలో పాపను పట్టుకోలేక అన్ని రోజులూ ఎడమ పక్కే పట్టింది. చెయ్యి తగ్గేసరికి కుడి పక్క గడ్డ కట్టి, చివర పగిలి, తాకితే ప్రాణం పోయేట్టయింది. అవ్వ చూసి, "గడ్డకట్టిన పాలు బిడ్డకొద్దు, పిండిన పాలు అసలే వద్దు, చల్లబడ్డంక గవి పాలెట్లయితయి," అన్నది, అమ్మ తలూపింది. అప్పటి నుంచి రోజూ రెండు దాటాక అవ్వ వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, కుడి పక్క పాలను స్టీలు గ్లాసులోకి పిండుతుంది. ఆ గ్లాసు మీద స్నేహలత, అమరేందర్ అని రెండు పేర్లూ చెక్కి ఉన్నాయి, పెళ్లికి ఎవరో ఇచ్చిన గ్లాసుల్లో ఒకటి. పిండిన పాలు నేల మీద పారబోయకూడదు, చీమలు ముట్టకూడదు, ముడితే ఉన్నవి కూడా ఎండిపోతాయట, అందుకని "మల్లెచెట్టు మొదట్ల పోసొస్త," అని అవ్వ గ్లాసు మీద కొంగు కప్పుకుని తీసుకుపోతుంది, ఎవరి దిష్టీ తగలకుండా.

వచ్చిన ఆడవాళ్లంతా ఒకే మాట. పాలు చాల్తలేవు. ఒకామె చెయ్యి పెట్టి చూసి, "మెత్తగున్నదే, నిండలేదు," అని పెదవి విరిచింది. ఎల్లిపాయ కారం తినమన్నారు, తిన్నది. నీళ్లు ఎక్కువ తాగొద్దన్నారు, నాలుక పిడచ కట్టినా గుటకలు లెక్కపెట్టి తాగింది. బొప్పాయి కాయ కూర, కాళ్ల షోర్వ, అన్నీ. ఇప్పుడు ఆమె ఒంటికి ఎల్లిపాయ వాసన, తలకు సాంబ్రాణి వాసన. పాపకు పొద్దున సబ్బు, మధ్యాహ్నం పౌడరు, సాయంత్రం మళ్లీ ధూపం. ఇద్దరిలో ఎవరికీ ఎవరి సొంత వాసనా లేదు. చిన్నప్పుడు ఆమె బాపును అడిగింది, గొర్రెకు తన పిల్ల ఎట్లా తెలుస్తుందని. "కండ్లతోని కాదు బిడ్డా, ముక్కుతోని," అన్నాడు.

ఆ మాట గుర్తు రాగానే ఆమె చూపు కిటికీలోంచి వాకిట్లోకి పోయింది, పోకూడదనుకుంటూనే. వాకిట్లో గుంజకు నల్లగొర్రె కట్టేసి ఉంది. నాలుగు రోజుల కింద దాని పిల్ల చచ్చిపోయింది, అదే రోజు ఇంకో గొర్రె ఈని చచ్చిపోయి తెల్లపిల్లను మిగిల్చింది. బాపు చేసింది వాళ్ల తాతలు చేసిందే. చచ్చిన నల్లపిల్ల తోలు ఒలిచి, కాళ్ల తొడుగులతో సహా, తెల్లపిల్లకు చొక్కాలాగా తొడిగాడు. తన పిల్ల వాసన వస్తే గొర్రె ఒప్పుకుని పాలిస్తుంది. స్నేహలత ఇది చిన్నప్పటి నుంచి చూసిందే, బడికి పోయేముందు ఆ తొడుగు పిల్లలతో ఆడుకుంది కూడా, ఎన్నడూ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు చూస్తే వెన్నులో ఏదో పాకింది. రెండు తోకలు. ఒక తోక ఊగుతోంది, దాని మీద ఇంకో తోక ఊగకుండా వేలాడుతోంది. నల్లని చర్మం అంచులు ఎండకు చుట్టుకుపోయి, వాటి కిందినుంచి తెల్లని సన్న కాళ్లు. ఈగలు ఒక పిల్ల మీద వాలుతున్నాయి, రెండో పిల్ల వాటిని తోలుకుంటోంది. నల్లగొర్రె వాసన చూస్తుంది, నిలబడుతుంది, పిల్ల పొదుగు కిందికి దూరగానే ఎందుకో అనుమానం వచ్చినట్టు ఒక అడుగు పక్కకు వేస్తుంది. కొట్టదు, తన్నదు. ఒక్క అడుగు, అంతే. ఆ అడుగు స్నేహలతకు బాగా తెలుసు.

బాపు పొద్దున, రాత్రి గొర్రె కాలు పట్టుకుని నిలబడితేనే పిల్ల నాలుగు గుక్కలు తాగుతుంది. పగలంతా ఏమీ లేదు. మరి ఆ పిల్ల పొట్ట గుండ్రంగా ఎందుకుంది? ఆమె కళ్లు చిన్నవి చేసి చూసింది. గుండ్రంగానే ఉంది. నాలుగు రోజులు పగళ్లు పస్తులున్న పిల్ల గంతులెలా వేస్తుంది? తోలు లోపల ఇంకెవరో తాగుతున్నట్టు, చచ్చిందే తాగుతున్నట్టు ఒక ఊహ వచ్చింది, వెంటనే పసుపు బకెట్టును గుర్తు తెచ్చుకుంది, పసుపు బకెట్టు, పసుపు బకెట్టు, అది సాయం రాలేదు. పిల్ల తలెత్తి అరిచింది. సన్నగా, తెగి తెగి, చివర వణికే అరుపు. స్నేహలత కుడి పక్క వెచ్చగా పొడుచుకుంది, జాకెట్టు తడిసింది. అదిగో, మళ్లీ. నాలుగు రోజులుగా ఇంతే. పాప ఏడిస్తే రావు. గొర్రెపిల్ల ఏడిస్తే వస్తాయి.

ఆమె ఫోను తీసింది. చార్జింగు కొంచెమే ఉంది. అందులో పద్నాలుగు సెకన్ల వీడియో ఒకటి ఉంది, పురుటి గది తలుపు దగ్గర నిలబడి అమరేందర్ తీసింది, పాపను అద్దాల పెట్టె గదికి తీసుకుపోతున్నప్పుడు. తెల్లగుడ్డ, నర్సు చెయ్యి, ఎర్రని చిన్న నోరు, ఏడుపు. ఎడమ చెవి మీదే నర్సు బొటనవేలు ఉంది. ఎన్ని వందలసార్లు చూసినా ఆ బొటనవేలు పక్కకు జరగదు. ఇప్పుడు కూడా జరగలేదు. ఏడుపు ఫోనులోంచి వచ్చి గదంతా తిరిగింది. మంచం మీది పాప కదలలేదు, తనది కాని ఏడుపు విన్నట్టు. వాకిట్లోంచి గొర్రెపిల్ల బదులిచ్చింది. నల్లగొర్రె బదులిచ్చింది. మళ్లీ ఫోను, మళ్లీ పిల్ల, మళ్లీ గొర్రె, ముగ్గురూ ఒకరినొకరు ఎరిగినట్టు పిలుచుకున్నారు, మధ్యలో స్నేహలత కుడి పక్క నుంచి పాలు ధారగా కారి చీర మీద పడి, బండ మీద బొట్లు బొట్లుగా పడ్డాయి. చీమలు, అని గుర్తొచ్చి వంగి కొంగుతో తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ కిటికీలోంచి ఇంకోటి చూసింది. మల్లెచెట్టు. దాని మొదట్లో మట్టి తెల్లగా పగుళ్లిచ్చి ఉంది. తడి లేదు, పాలచార లేదు, ఒక్క చీమ లేదు. రోజూ ఒక గ్లాసెడు పోస్తున్న చోటు అలా ఉంటుందా? కొన్ని రోజులుగా ఎవరూ అక్కడ చుక్క నీళ్లు కూడా పోసినట్టు లేదు. మరి తన పాలు ఎటు పోతున్నాయి?

అప్పుడు చప్పుడు వినిపించింది. టక్. టక్. షాబాదు బండ మీద, గ్యాసు లైటర్ నొక్కినట్టు. టక్. నడవలోంచి. ఆమె లేవలేదు, పాప మీద ఒక చెయ్యి వేసి గడపకేసి చూస్తూ కూర్చుంది. గడప మీద అది నిలబడింది. తెల్లని ముఖం, నల్లని ఒళ్లు, రెండు తోకలు. తల్లిని వాకిట్లో విడిచి లోపలికి వచ్చింది. ఇల్లు చూడలేదు, మంచం చూడలేదు, ఆమెను చూసింది. ఎక్కడికి రావాలో తెలిసినదానిలా తిన్నగా వచ్చి, ఆమె మోకాళ్ల మధ్య ముట్టె దూర్చి, తడిసిన చీరను చప్పరించింది. చచ్చిన తోలు వాసన గుప్పుమంది, పులిసిన, తియ్యని వాసన. దాని కిందినుంచి ఇంకో వాసన వచ్చింది. ఆ పిల్ల మూతి నుంచి, గడ్డం కింద తడిసి ఎండిన బొచ్చు నుంచి. అది గొర్రెపాల వాసన కాదు. గొర్రెపాలలో పెరిగిన తనకు ఆ తేడా తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆ వాసన తనది. ఎల్లిపాయ లేని, సాంబ్రాణి లేని, ఒట్టి తనది. ఈ ఇంట్లో తన వాసన వచ్చేది ఒక్కదానికే, దానికి రెండు తోకలున్నాయి.

"ఓసినీ, లోపటికొచ్చినవా నువ్వు!"

గడప దగ్గర అవ్వ నిలబడి ఉంది. ఒక చేతిలో వేడినీళ్ల గిన్నె, ఇంకో చేతిలో రెండు పేర్ల గ్లాసు. అవ్వ గోపమ్మకు డెబ్భై దాటాయి, మందల వెంట తిరిగిన కాళ్లు, ఎవరికీ ఎన్నడూ సంజాయిషీ చెప్పని నోరు.

"అవ్వా, మల్లెచెట్టుకే పోస్తున్నవా?"

అవ్వ గిన్నె కింద పెట్టింది, గ్లాసును కొంగులో దాచబోయి, దాచి లాభం లేదనుకుని మళ్లీ బయటికి తీసింది. "ముందుగాల చెట్టుకే పోసిన. అబద్ధమెందుకు. నాలుగొద్దుల సంది దీనికి పడ్తున్న."

"నా పాలు గొర్రెపిల్లకా?"

"మరేం జెయ్యమంటవే? గ్లాసు పట్టుకొని చెట్టు తానికి పోతాంటే గిది కొంగు పట్టి గుంజబట్టె. దూపకు నాలుక బైట పెట్టింది. చెట్టేమన్న నోరు దెర్సి అడిగిందా, గిది అడిగింది. పిల్ల సస్తాంటే మన్నుల పాలు పోసే చేతులా బిడ్డా ఇవి?" అని తన రెండు చేతులనూ చూపింది, వాటి మీద ఎన్ని వందల పిల్లలను ఎత్తిన గీతలున్నాయో. "మీ అమ్మకు చెప్పకు, మస్తు లొల్లి జేస్తది."

స్నేహలతకు నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వు రావడం ఆమెకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు. నవ్వుతూనే ఉంది, ఆ నవ్వుతోనే ఇరవై ఒక్క రోజులుగా మింగిన రాళ్లన్నీ ఒకేసారి పైకొచ్చాయి. "అవ్వా, ఇది నా బిడ్డేనా? నేను జూసినప్పుడు ఎడమ చెవు మడిచి ఉండె. బాపు గొర్రెల లెక్క. ఇప్పుడు లేదు. పెట్టెలకెల్లి వేరే పిల్లను ఇచ్చిన్రేమో. అందుకే పాలు రాకపాయె. దీనికి రావు, దానికొస్తున్నయి."

అవ్వ వెంటనే ఓదార్చలేదు. ఛీ ఏం మాటలవి అనలేదు. మంచం దగ్గరికి వచ్చి, పాపను, గొర్రెపిల్లను, మనవరాలిని మార్చి మార్చి చూసింది, సంతలో గొర్రెను చూసినట్టు, తొందర లేకుండా. ఆ చూపు ఎంతసేపు సాగిందంటే, కిటికీ నీడ మంచం కాలెక్కింది. అవ్వ కూడా గుర్తు పట్టలేకపోతోందేమో అని స్నేహలత ఊపిరి బిగబట్టింది. అవ్వ గొర్రెపిల్ల పొట్టను అరచేత్తో ఒకసారి తడిమింది, గుండ్రని పొట్ట. ఏదో లెక్క తేలినట్టు ఆమె ముఖం మారింది.

"పాలు లేవంటవేందే పిల్లా? నాలుగొద్దుల సంది నడి పగటాల ఒక పిల్లను సాకినవు. గిది బతికింది నీ పాలకే." ఆగి, తనను తానే తిట్టుకున్నట్టు అన్నది, "చెడ్డపాలైతే గిది ఎగుర్తదా? గొర్రెపిల్లకు అరిగినయి, మన పిల్లకు అరగవా? నా బుద్ధి గడ్డి మేసింది. ముసల్దాన్ని నమ్ముకుంటివి నువ్వు. ఏదీ, కుడి దిక్కు పట్టు."

"నొస్తది అవ్వా."

"నొస్తది. పట్టు. ముందుగాల గా పౌడరు తుడువు. సబ్బు వాసనొస్తే గొర్రె గూడ ఎరుకపట్టది, నువ్వెట్ల పడ్తవు?"

అవ్వ గొర్రెపిల్లను చంకలో ఇరికించుకుని బయటికి పోయింది, రెండు తోకలు ఆమె మోచేతి కింద వేలాడుతూ పోయాయి. స్నేహలత తడిగుడ్డతో పాప మెడ, బుగ్గలు, చేతులు తుడిచింది. పాప లేచింది, కళ్లు తెరిచింది, ఏడవలేదు. నల్లని, అడుగు కనిపించని కళ్లు, ఎవరివైనా కావచ్చు. కుడి చేతి మడతలో తల పెట్టుకుని దగ్గరికి తీసుకుంది, పుట్టాక ఆ పక్కకు రావడం అదే మొదటిసారి. పాప ముక్కుతో వెతికింది, గొర్రెపిల్ల వెతికినట్టే, అదే తల ఊపు, అదే తొందర. పట్టింది. స్నేహలత పళ్లు బిగించింది, నొప్పి భుజం మీదుగా వీపులోకి గాజుపెంకులా దిగింది, పది లెక్కపెట్టమని ఉషక్క ఎప్పుడో చెప్పింది, ఒకటి, రెండు, గ్యాసు పొయ్యి, మూడు, నిమ్మచెట్టు, నాలుగు, చొక్కా జేబు, ఏడో అంకె దగ్గర లోపల ఏదో ముడి విడిపోయింది. పాప గొంతులో చప్పుడు. గుక్క. ఇన్ని రోజుల్లో ఆమె ఎన్నడూ వినని చప్పుడు, ఖాళీ చప్పరింపు కాదు, నిండు గుక్క, దాని వెనక ఇంకోటి, మధ్యలో ముక్కుతో చిన్న ఊపిరి, మళ్లీ గుక్క. పెదవి అంచు నుంచి ఒక చుక్క జారి మెడ మడతలోకి పోయింది. ఎంత చిన్న చప్పుడు, ఎంత గొప్ప చప్పుడు, దీన్ని ఫోనులో పట్టి అమరేందర్‌కు పంపాలి, కానీ చెయ్యి ఖాళీ లేదు, పోనీ, ఇది తన ఒక్కదానికే ఉండనీ. వాకిట్లో అవ్వ ఎవరితోనో మాట్లాడుతోంది, గొర్రెతో కాబోలు. గడియారం ఎంతైందో ఆమె చూడలేదు. పాప బుగ్గ నుంచి, జుట్టు కుదుళ్ల నుంచి మెల్లగా ఆ వాసన మొదలైంది.

"స్నేహా, ఉన్నవా చెల్లె? మీ అమ్మ నా ఆటోల్నే వచ్చింది, డబ్బా ఒళ్లె పెట్టుకొని బంగారం తెచ్చినట్టు," అంటూ ఉషక్క లోపలికి వచ్చింది, వెనక నల్ల కవరుతో అమ్మ. అమ్మ కళ్లు పాప మీద, పాప ఉన్న పక్క మీద పడ్డాయి, "కుడి దిక్కెందుకు..." అని మొదలుపెట్టి, కూతురి ముఖం చూసి ఆగిపోయింది. "తాగనీ చిన్నమ్మా, అడ్డం రాకు," అన్నది ఉషక్క. "రెండు దిక్కులా ఇయ్యాలె, పిండినవి గూడ చెంచాతోని పట్టాలె, ఏం గాదు, ఎవరు చెప్పిన్రు వద్దని?" అమ్మ దూలం వైపు చూసింది. వాకిట్లోంచి అవ్వ పెద్దగా దగ్గింది.

తూకానికి బట్టలు ఉండకూడదు. టోపీ తీశారు, చొక్కా తీశారు, నడుముకు కట్టిన గుడ్డ తీశారు. ఒక్కొక్కటి తీస్తుంటే స్నేహలత గుండె ఒక్కొక్క మెట్టు దిగింది, అన్నీ తీసేశాక లోపల ఎవరు మిగులుతారో ఇప్పుడు తేలిపోతుందన్నట్టు. ఉషక్క పాపను ఊయలబట్టలో వేసి పైకెత్తింది. అప్పుడు చూసింది. ఇంతసేపు తన మోచేతి మడతకు ఒత్తుకుపోయి ఉన్న ఎడమ చెవి, పై అంచు లోపలికి మడిచి ఉంది. కాగితం మూల మడిచినట్టు. ఆ చోటే. ఆ మడతే. ఈ పక్కకు పాపను ఎన్నడూ తిప్పుకోలేదు, అందుకే ఈ చెవి ఒత్తుకుని మడత పడడం ఎన్నడూ చూడలేదు. ఉషక్క ఆమె చూపును గమనించి, "కడుపుల ఒత్తుకున్న చెవు గట్లనే ఉంటది, వారానికి సాపయితది, మెత్తగుంటది గదా," అని మామూలుగా అంటూ ముల్లు వైపు వంగింది. స్నేహలత ముల్లు చూడలేదు. ఆ మడత ఆమె కళ్ల ముందే కదులుతోంది, ఎవరో లోపలి నుంచి నెమ్మదిగా తెరుస్తున్నట్టు, కొంచెం కొంచెంగా, ఒక పువ్వులా కాదు, ఒక తలుపులా. అది పూర్తిగా తిన్నగా అయ్యేలోపు దాన్ని కళ్లలో పెట్టుకోవాలని రెప్ప వేయకుండా చూసింది.

"రెండు కిలోల నూటయాభై," అన్నది ఉషక్క. "ఎరుపుకు దూరం జరిగింది. ఎక్కువేం కాదు, అయినా జరిగింది. దవాఖానకొద్దు. మూడొద్దులకు మల్ల వచ్చి తూస్త, గప్పటికి ఇంకింత రావాలె. విన్నవా?"

"ఎంత?" అని అడిగింది స్నేహలత, ఏమీ వినలేదు కాబట్టి.

అమ్మ డబ్బాను తెరవకుండానే అటక మీద పెట్టింది. వాకిట్లో అవ్వ తెల్లపిల్లకు తొడిగిన తోలు ఊడదీసి ముళ్లకంప మీదికి విసిరింది, గాలికి అది నాలుగు ఖాళీ కాళ్లతో ఒకసారి లేచి పడింది. ఒట్టి తెల్లపిల్ల, ఇంతలేనిది, ఎండలో వణుకుతూ నిలబడింది. నల్లగొర్రె తల వంచి వాసన చూసింది, చాలాసేపు చూసింది. స్నేహలత ఆ అడుగు కోసం, పక్కకు వేసే ఆ ఒక్క అడుగు కోసం కిటికీలోంచి చూస్తూ ఉంది. అంతలో ఏడుపు వినిపించింది, సన్నగా, తెగి తెగి, చివర వణుకుతూ. కుడి పక్క వెచ్చగా పొడుచుకుంది. ఊయలబట్టలో పాప నోరు తెరిచి ఉంది, వాకిట్లో పిల్ల నోరూ తెరిచి ఉంది. ఎవరు పిలిచారో ఆమె చూడలేదు, రెండు చేతులూ చాచింది.